నడుస్తున్న వీఎంను ఆపకుండా ఇంకో సర్వర్‌కు మార్చడం: కేవీఎం, లిబ్‌వర్ట్‌తో లైవ్ మైగ్రేషన్

సర్వర్‌లో ఒక ర్యామ్ స్టిక్ ఎర్రర్లు చూపిస్తోంది. లేదా కొత్త కెర్నెల్ వేశారు, రీబూట్ తప్పదు. కానీ ఆ సర్వర్ మీద బిల్లింగ్ వీఎం (వర్చువల్ మెషిన్, అంటే సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే ఇంకో కంప్యూటర్) నడుస్తోంది, పట్టపగలు దాన్ని ఆపితే అందరి ఫోన్లూ మోగుతాయి. అర్ధరాత్రి దాకా కూర్చోవడం ఒక దారి. నడుస్తున్న వీఎంను నడుస్తుండగానే పక్క సర్వర్‌కు మార్చేసి, ఖాళీ అయిన సర్వర్‌ను తీరిగ్గా విప్పుకోవడం ఇంకో దారి. దాన్నే లైవ్ మైగ్రేషన్ అంటారు.

ఇది కొత్త విద్యేమీ కాదు. వీఎంవేర్ 2003లోనే వీమోషన్ పేరుతో తెచ్చింది. 2005లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ పరిశోధకులు జెన్ అనే హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) మీద, ఆటగాళ్లు ఆడుతుండగానే ఒక క్వేక్ 3 గేమ్ సర్వర్‌ను ఇంకో మెషిన్‌కు తరలించి, అది ఆగింది 60 మిల్లీసెకన్లేనని చూపించారు. ఇప్పుడు లైనక్స్‌లో కేవీఎం (కెర్నెల్‌లోని వర్చువలైజేషన్ భాగం), క్యూఈఎంయూ (వీఎంను నడిపే ప్రోగ్రామ్), లిబ్‌వర్ట్ (వాటిని నిర్వహించే సాఫ్ట్‌వేర్) కలిస్తే ఇదే పని ఒక్క కమాండ్‌తో అయిపోతుంది.

ఆ కమాండ్ సులువే. అది కొట్టకముందు చేసే పనే అసలు పని. మైగ్రేషన్ ఫెయిలైన చోట చూస్తే కారణం చాలావరకు రెండిట్లో ఒకటి: రెండు సర్వర్లూ ఒకేలా లేకపోవడం, లేదా వీఎం ర్యామ్‌ను మార్చే వేగాన్ని నెట్‌వర్క్ అందుకోలేకపోవడం. ఈ గైడ్‌లో ఎక్కువ భాగం ఆ రెండిటి గురించే.

ఉదాహరణకు రెండు సర్వర్లు తీసుకుందాం. వీఎం ఇప్పుడున్నది గోదావరిలో, వెళ్లాల్సింది కృష్ణకు. వీఎం పేరు బిల్లింగ్, 16 జీబీ ర్యామ్. కమాండ్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, టెర్మినల్‌లో ఇంగ్లీషులోనే కొట్టాలి.

## లోపల ఏం జరుగుతుంది

వీఎంలో తరలించాల్సినవి మూడు: డిస్క్, ర్యామ్, సీపీయూతో పాటు డివైజ్‌ల ప్రస్తుత స్థితి. డిస్క్ రెండు సర్వర్లకూ కనిపించే షేర్డ్ స్టోరేజ్‌లో ఉంటే దాన్ని కదపక్కర్లేదు. సీపీయూ, డివైజ్‌ల స్థితి చాలా చిన్నది. చిక్కంతా ర్యామ్‌తోనే, ఎందుకంటే మనం కాపీ చేస్తుండగానే అది మారిపోతుంటుంది.

క్యూఈఎంయూ ముందుగా మొత్తం ర్యామ్‌ను కృష్ణకు పంపుతుంది. ఈలోగా గోదావరిలో వీఎం మామూలుగా నడుస్తూ కొన్ని పేజీలను మార్చేస్తుంది. పేజీ అంటే సాధారణంగా 4 కిలోబైట్ల ముక్క, మారిపోయిన వాటిని డర్టీ పేజీలంటారు. రెండో రౌండ్‌లో ఆ డర్టీ పేజీలను మాత్రమే పంపుతుంది. అవి వెళ్లేలోపు ఇంకొన్ని మారతాయి, వాటికి మూడో రౌండ్. ఇలా మిగిలింది తగ్గుతూ వచ్చి, తాను పెట్టుకున్న గడువులోపు మిగతాదంతా పంపేయగలనని క్యూఈఎంయూ లెక్క తేలినప్పుడు గోదావరిలో వీఎంను ఆపుతుంది. చివరి పేజీలు, సీపీయూ స్థితి పంపి కృష్ణలో నడపడం మొదలుపెడుతుంది. ఆ గడువు డిఫాల్ట్‌గా 300 మిల్లీసెకన్లు.

అంటే డౌన్‌టైమ్ లేదనడం పూర్తిగా నిజం కాదు. ఆగుతుంది, కాకపోతే టీసీపీ కనెక్షన్ తెగనంత, బ్రౌజర్ ముందు కూర్చున్న మనిషికి తెలియనంత తక్కువసేపు. మీ మేనేజర్‌కు చెప్పేటప్పుడు కూడా ఇలాగే చెప్పండి. "సున్నా" అని మాటిచ్చి తర్వాత గ్రాఫ్‌లో చిన్న గీత కనిపిస్తే అనవసరమైన వివరణలు ఇచ్చుకోవాలి.

## మొదటి మెట్టు: లెక్క వేయండి

ఒక గిగాబిట్ లింక్ మీద వాస్తవంగా సెకనుకు 110 ఎంబీ దాకా వెళ్తుంది. 10 గిగాబిట్ అయితే దాదాపు 1100 ఎంబీ. ఇప్పుడు బిల్లింగ్ వీఎం సెకనుకు 200 ఎంబీ చొప్పున ర్యామ్‌ను మారుస్తోందనుకుందాం.

10 గిగాబిట్ లింక్ మీద మొదటి రౌండ్‌కు, అంటే 16 జీబీ పంపడానికి, 15 సెకన్లు పడుతుంది. ఆలోగా 3000 ఎంబీ మారుతుంది. రెండో రౌండ్‌కు దాదాపు 2.7 సెకన్లు, ఆలోగా మారేది 540 ఎంబీ చిల్లర. 300 మిల్లీసెకన్లలో పంపగలిగేది 330 ఎంబీయే కాబట్టి ఇంకా ఆపడం కుదరదు. మూడో రౌండ్‌కు అర సెకను, మిగిలేది 100 ఎంబీ. ఇప్పుడు ఆపొచ్చు. ఆగేది దాదాపు 90 మిల్లీసెకన్లు. మొత్తం పని 20 సెకన్లలోపే.

అదే వీఎంను ఒక గిగాబిట్ లింక్ మీద పంపితే? మీరు పంపేది సెకనుకు 110, అక్కడ మారేది 200. చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే, ఎన్ని రౌండ్లు తిరిగినా నిండదు. ఎర్రర్ కూడా రాదు, ఊరికే అలా తిరుగుతూనే ఉంటుంది. అది చూస్తూ కూర్చుంటే టెన్షన్ తప్ప ఫలితం ఉండదు.

నిజానికి ఈ లెక్క కాస్త కఠినమైంది. వీఎం పదేపదే అవే పేజీలను మారుస్తుంటే అవి రౌండ్‌కు ఒక్కసారే లెక్కలోకి వస్తాయి, కాబట్టి అసలు సంఖ్య ఇంతకన్నా తక్కువే ఉండొచ్చు. అయినా ప్లాన్ చేసేటప్పుడు కఠినమైన లెక్కే మంచిది.

మీ వీఎం ర్యామ్‌ను ఎంత వేగంగా మారుస్తోందో ముందే కొలవొచ్చు. కొత్త లిబ్‌వర్ట్ వెర్షన్లలో ఇలా (విర్ష్ అంటే లిబ్‌వర్ట్‌కు ఆదేశాలిచ్చే కమాండ్):

విర్ష్ డామ్‌డర్టీరేట్-కాల్క్ బిల్లింగ్
విర్ష్ డామ్‌స్టాట్స్ బిల్లింగ్ --డర్టీరేట్

దీన్ని రద్దీ వేళ ఒకసారి, ఖాళీ వేళ ఒకసారి చూడండి. వెబ్ సర్వర్లకు తేడా పెద్దగా ఉండదు. డేటాబేస్‌లకు, జావా అప్లికేషన్లకు మాత్రం చాలా ఉంటుంది. జావా గార్బేజ్ కలెక్టర్ హీప్‌ను అటూ ఇటూ కదుపుతుంటే డర్టీ పేజీలు ఒక్కసారిగా పెరుగుతాయి.

## రెండో మెట్టు: రెండు సర్వర్ల సీపీయూలు

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. బూట్ అయ్యేటప్పుడు వీఎం తన సీపీయూలో ఏయే ఫీచర్లున్నాయో చూసుకుని వాటినే వాడుకుంటుంది. ఉదాహరణకు ఏవీఎక్స్-512 ఉందని చూసి, ఒక లైబ్రరీ ఆ ఇన్‌స్ట్రక్షన్లతో నడుస్తోంది. అలాంటి వీఎంను ఆ ఫీచర్ లేని సర్వర్‌కు మారిస్తే తర్వాతి క్షణంలోనే ఆ ప్రోగ్రామ్ కూలిపోతుంది. అందుకే అవసరమైన ఫీచర్ అవతల లేదని తెలిస్తే లిబ్‌వర్ట్ ముందే అడ్డుపడుతుంది. ఆ అడ్డు మన మంచికే.

వీఎం ఎక్స్‌ఎంఎల్‌లో, అంటే దాని సెట్టింగులన్నీ ఉండే ఫైల్‌లో, సీపీయూ మోడ్ ఏముందో చూడండి. మామూలుగా మూడు రకాలు కనిపిస్తాయి.

హోస్ట్-పాస్‌త్రూ అంటే ఆ సర్వర్ సీపీయూను ఉన్నదున్నట్టు వీఎంకు చూపించడం. వేగానికి బాగుంటుంది. మైగ్రేషన్‌కు మాత్రం రెండు సర్వర్లూ అచ్చం ఒకటే అయితేనే పనికొస్తుంది: ఒకే సీపీయూ మోడల్, ఒకే మైక్రోకోడ్ (సీపీయూ లోపలి సాఫ్ట్‌వేర్), ఒకే కెర్నెల్. మైక్రోకోడ్ మాట ఊరికే చెప్పడం లేదు. ఇంటెల్ సీపీయూల్లో టీఎస్‌ఎక్స్ ఫీచర్‌ను మైక్రోకోడ్ అప్‌డేట్‌తో ఆపేసిన సందర్భాలున్నాయి. ఒకేసారి కొన్న రెండు సర్వర్లలో ఒకదానికే అప్‌డేట్ వేస్తే అవి ఇక ఒకేలా లేనట్టే.

హోస్ట్-మోడల్ అంటే వీఎం మొదలైన సర్వర్‌కు దగ్గరగా ఉండే సీపీయూ మోడల్‌ను లిబ్‌వర్టే ఎంచుకోవడం. పాత సర్వర్‌లో మొదలైన వీఎం కొత్త సర్వర్‌కు హాయిగా వెళ్తుంది. కానీ అక్కడ ఒకసారి షట్‌డౌన్ చేసి మళ్లీ స్టార్ట్ చేశారంటే కొత్త సీపీయూ ఫీచర్లు పట్టుకుంటుంది, ఇక పాత సర్వర్‌కు తిరిగి రాలేదు.

మూడోది కస్టమ్, అంటే మోడల్ పేరు మనమే రాయడం. వేర్వేరు సంవత్సరాల్లో కొన్న సర్వర్లున్న చోట నా ఓటు దీనికే. రెండు సర్వర్లలోనూ విర్ష్ డామ్‌కేపబిలిటీస్ నడిపి, వచ్చిన హోస్ట్ సీపీయూ వివరాలను ఒకే ఫైల్‌లో పెట్టి ఇలా అడగండి:

విర్ష్ హైపర్‌వైజర్-సీపీయూ-బేస్‌లైన్ సీపీయూలు.ఎక్స్‌ఎంఎల్

రెండిటికీ సరిపడే సీపీయూ వర్ణన వస్తుంది. దాన్ని వీఎం ఎక్స్‌ఎంఎల్‌లో పెట్టుకోండి. ఒక్క చిక్కుంది. ఈ మార్పు పనిచేయాలంటే వీఎంను పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టాలి, లోపలి నుంచి రీబూట్ చేస్తే చాలదు. కాబట్టి ఇది మైగ్రేషన్ రోజు చేసే పని కాదు, వీఎం తయారుచేసిన రోజే చేసుకోవాల్సింది.

వీఎంవేర్‌లో ఇదే పనిని క్లస్టర్ స్థాయిలో ఈవీసీ అనే ఫీచర్ చేస్తుంది. కేవీఎం మీదే నడిచే ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వెర్షన్ 8 నుంచి కొత్త వీఎంలకు డిఫాల్ట్‌గా ఎక్స్86-64-వీ2-ఏఈఎస్ అనే మోడల్ ఇస్తున్నది కూడా ఇందుకే. ఇంటెల్ నుంచి ఏఎండీకి లైవ్‌గా మార్చాలన్న ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. ఒకసారి ఆపి అవతల స్టార్ట్ చేసుకోండి.

క్యూఈఎంయూ వెర్షన్ కూడా ఇక్కడే చూడాలి. పాత వెర్షన్ నుంచి కొత్తదానికి వెళ్లడం మామూలే. కొత్తదాని నుంచి పాతదానికి వెళ్తుందన్న భరోసా లేదు. వీఎం మెషిన్ టైప్‌లో (క్యూఈఎంయూ వీఎంకు చూపించే వర్చువల్ మదర్‌బోర్డు రకం) ఉన్న వెర్షన్ నంబర్‌ను అవతలి క్యూఈఎంయూ గుర్తుపట్టకపోతే మైగ్రేషన్ మొదలే కాదు.

## మూడో మెట్టు: డిస్క్

షేర్డ్ స్టోరేజ్ ఉంటే పని సగం తగ్గినట్టే. ఎన్‌ఎఫ్‌ఎస్, ఐస్కజీ, సెఫ్ ఆర్‌బీడీ ఏదైనా సరే. ఎన్‌ఎఫ్‌ఎస్ అయితే రెండు సర్వర్లలోనూ ఒకే పాత్ దగ్గర మౌంట్ అయి ఉండాలి. గోదావరిలో ఒక ఫోల్డర్‌లో, కృష్ణలో ఇంకో ఫోల్డర్‌లో మౌంట్ చేస్తే వీఎం ఎక్స్‌ఎంఎల్‌లో ఉన్న పాత్ అక్కడ దొరకదు. రాకీ లేదా రెడ్‌హ్యాట్ సర్వర్లలో ఎస్‌ఈలైనక్స్ ఆన్‌లో ఉంటే వర్ట్_యూజ్_ఎన్‌ఎఫ్‌ఎస్ బూలియన్ రెండు చోట్లా ఆన్ చేయండి.

డిస్క్ క్యాష్ మోడ్ నన్ అని పెట్టుకోండి. గోదావరి తన ర్యామ్‌లో క్యాష్ చేసుకున్న డేటా ఇంకా డిస్క్‌కు చేరకముందే కృష్ణ అదే డిస్క్‌ను చదివితే ఫైల్ సిస్టమ్ పాడైపోతుంది. ఈ ప్రమాదం ఉందనుకుంటే లిబ్‌వర్ట్ అన్‌సేఫ్ మైగ్రేషన్ అంటూ ఆపేస్తుంది. దాన్ని దాటేయడానికి --అన్‌సేఫ్ అనే ఆప్షన్ ఉంది. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పారని దాన్ని పెట్టేయకండి. క్యాష్ మోడ్ మార్చడమే అసలు మందు.

షేర్డ్ స్టోరేజ్ లేకపోయినా పని ఆగదు. --కాపీ-స్టోరేజ్-ఆల్ అనే ఆప్షన్ ఇస్తే డిస్క్ కూడా నెట్‌వర్క్ మీదే వెళ్తుంది. ముందు డిస్క్ మొత్తం కాపీ అవుతుంది, కాపీ జరుగుతుండగా వీఎం రాసే కొత్త డేటా కూడా వెంటనే అటు చేరుతుంది, డిస్కులు రెండూ సమానమయ్యాక ర్యామ్ వంతు. 500 జీబీ డిస్క్‌కు ఒక గిగాబిట్ లింక్ మీద గంటా పదిహేను నిమిషాలు దాటుతుంది. అంతసేపు నెట్‌వర్క్, రెండు వైపులా డిస్కులు బిజీగా ఉంటాయి. కృష్ణలో డిస్క్ ఉండాల్సిన ఫోల్డర్ స్టోరేజ్ పూల్‌గా నమోదై ఉంటే లిబ్‌వర్టే ఖాళీ డిస్క్ తయారుచేసుకుంటుంది. లేకపోతే అదే పాత్‌లో, సరిగ్గా అంతే సైజుతో మీరే చేసి పెట్టాలి:

క్యూఈఎంయూ-ఇమ్జ్ క్రియేట్ -ఎఫ్ క్యూకౌ2 బిల్లింగ్.క్యూకౌ2 500జి

పలచగా కేటాయించిన, అంటే వాడిన మేరకే చోటు తీసుకునే, డిస్క్ అవతలి వైపు ఉబ్బిపోయే అవకాశం ఉంది, కాబట్టి పూర్తి సైజుకు సరిపడా ఖాళీ చూసుకోండి.

## నాలుగో మెట్టు: నెట్‌వర్క్, ఫైర్‌వాల్, పేర్లు

వీఎం ఏ బ్రిడ్జ్‌కు (వీఎంను బయటి నెట్‌వర్క్‌తో కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్) తగిలించి ఉందో అదే పేరుతో బ్రిడ్జ్ కృష్ణలోనూ ఉండాలి, అది అదే వీలాన్‌లోకి (ఒకే స్విచ్ మీద విడదీసిన నెట్‌వర్క్) వెళ్లాలి. వీఎం ఐపీ మారదు, మ్యాక్ అడ్రస్ మారదు, స్విచ్‌లో పోర్ట్ మాత్రమే మారుతుంది. కృష్ణలో వీఎం లేవగానే "ఈ మ్యాక్ ఇప్పుడు ఇటు ఉంది" అని స్విచ్‌కు తెలియడానికి క్యూఈఎంయూ కొన్ని ఆర్‌ఏఆర్‌పీ ప్యాకెట్లు పంపుతుంది. స్విచ్‌లో పోర్ట్ సెక్యూరిటీ పెట్టి, మ్యాక్‌ను ఒక పోర్ట్‌కే కట్టేసి ఉంటే ఈ ప్రకటన ఎవరూ వినరు. మైగ్రేషన్ బాగానే అయిందని విర్ష్ చెబుతుంది, వీఎం మాత్రం ఎవరికీ అందదు. నెట్‌వర్క్ టీమ్‌ను ముందే అడగాల్సిన ప్రశ్న ఇది.

పోర్టులు: ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా కలిస్తే 22, టీఎల్ఎస్ ద్వారా అయితే 16514. వీటితోపాటు అసలు డేటా వెళ్లడానికి డిఫాల్ట్‌గా 49152 నుంచి 49215 వరకు టీసీపీ పోర్టులు రెండు సర్వర్ల మధ్య తెరిచి ఉండాలి. 22 ఒక్కటే తెరిచి, లాగిన్ అవుతోంది కదా మైగ్రేషన్ ఎందుకు కావడం లేదని తల పట్టుకునేవారు చాలామంది.

ఎస్‌ఎస్‌హెచ్‌తో కలిశాం కాబట్టి అంతా ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుందనుకుంటే పొరపాటు. ఎస్‌ఎస్‌హెచ్ లోపల వెళ్లేవి లిబ్‌వర్ట్ ఆదేశాలే. ర్యామ్ డేటా వేరే టీసీపీ కనెక్షన్ మీద ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్తుంది. ఆ ర్యామ్‌లో పాస్‌వర్డ్‌లు, టీఎల్ఎస్ ప్రైవేట్ కీలు, కస్టమర్ల వివరాలు అన్నీ ఉంటాయి. అందుకే మైగ్రేషన్‌కు వేరే వీలాన్ పెట్టండి, లేదా సర్టిఫికెట్లు సిద్ధం చేసుకుని --టీఎల్ఎస్ ఆప్షన్ వాడండి. బ్యాంకులకో ఆసుపత్రులకో పని చేస్తుంటే రెండూ చేయండి.

పేర్ల సంగతి చిన్నదే, కానీ బాగా విసిగిస్తుంది. డేటా ఎక్కడికి పంపాలో చెప్పడానికి కృష్ణ తన హోస్ట్‌నేమ్‌ను గోదావరికి ఇస్తుంది. గోదావరిలో ఆ పేరుకు ఐపీ దొరకాలి. ఉబుంటు, డెబియన్‌లలో ఇన్‌స్టలేషన్ సమయంలోనే హోస్ట్స్ ఫైల్‌లో సొంత పేరు పక్కన 127.0.1.1 అని చేరిపోతుంది. దాన్ని తీసి అసలు ఐపీ రాయండి. లేకపోతే హోస్ట్‌నేమ్ లోకల్‌హోస్ట్‌కు వెళ్తోందన్న ఎర్రర్ వస్తుంది.

ఇంకో వింత ఎర్రర్: వేరే సర్వర్‌కు పంపుతున్నా, అదే హోస్ట్‌కు మైగ్రేట్ చేస్తున్నారని లిబ్‌వర్ట్ అంటుంది. కొన్ని మదర్‌బోర్డుల్లో తయారీదారు అన్నిటికీ ఒకే యూయూఐడీ పెట్టేయడం దీనికి కారణం. లిబ్‌వర్ట్ కాన్ఫిగరేషన్ ఫైల్‌లో హోస్ట్_యూయూఐడీ అనే లైన్‌లో కొత్త విలువ రాసి సర్వీస్ రీస్టార్ట్ చేస్తే పోతుంది.

రెండు సర్వర్ల గడియారాలు క్రోనీ అనే టైమ్ సర్వీస్‌తో ఒకే సమయం చూపించేలా చూసుకోండి.

## ఐదో మెట్టు: వీఎంకు తగిలించి ఉన్నవి

విర్ష్ డంప్‌ఎక్స్‌ఎంఎల్ బిల్లింగ్ కొట్టి, ఈ సర్వర్‌లో మాత్రమే దొరికే వస్తువు ఏదైనా ఉందేమో ఒకసారి కళ్లతో చదవండి. అందరికన్నా పెద్ద దొంగ సీడీ డ్రైవ్. ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసినప్పుడు పెట్టిన ఐఎస్‌ఓ ఫైల్ ఇంకా అందులోనే ఉంటుంది, అది కృష్ణలో ఉండదు. తీసేయండి:

విర్ష్ చేంజ్-మీడియా బిల్లింగ్ ఎస్‌డీఏ --ఇజెక్ట్

సర్వర్‌కు గుచ్చిన యూఎస్‌బీ డాంగిల్, పాస్‌త్రూ చేసిన గ్రాఫిక్స్ కార్డ్, ఎస్‌ఆర్-ఐఓవీ నెట్‌వర్క్ కార్డ్ ఉంటే లైవ్ మైగ్రేషన్ సాధారణంగా ఒప్పుకోదు. వాటిని ముందు విడదీయాలి. విడదీస్తే వీఎం పని ఆగిపోతుందంటే ఆ వీఎం ఈ పద్ధతికి తగదు. హ్యూజ్‌పేజెస్ (మామూలు 4 కిలోబైట్ల కన్నా చాలా పెద్ద మెమరీ పేజీలు) వాడుతుంటే కృష్ణలోనూ సరిపడా కేటాయించాలి. యూఈఎఫ్‌ఐ వీఎంలకు ఓవీఎంఎఫ్ ఫర్మ్‌వేర్ ఫైల్ అదే పాత్‌లో ఉండాలి. వర్చువల్ టీపీఎం ఉన్న విండోస్ వీఎంలకు ఎస్‌డబ్ల్యూటీపీఎం ప్యాకేజీ రెండు చోట్లా ఉండాలి.

కృష్ణలో ఖాళీ ర్యామ్ 16 జీబీకి కాస్త పైనే ఉందో లేదో చూడండి.

## ఆరో మెట్టు: తరలింపు

ముందు బ్యాకప్. తర్వాత మూడో మెషిన్ నుంచి పింగ్ మొదలుపెట్టండి:

పింగ్ -డి -ఐ 0.2 బిల్లింగ్

సెకనుకు ఐదు పింగ్‌లు వెళ్తాయి, ప్రతిదాని పక్కనా టైమ్ ఉంటుంది. (ఇంగ్లీషులో కొట్టేటప్పుడు డి పెద్దక్షరం, ఐ చిన్నక్షరం.) పింగ్ ఒక్కటే చాలదు. అప్లికేషన్ లాగిన్ పేజీని సెకనుకోసారి తెచ్చే చిన్న కర్ల్ లూప్ కూడా నడపండి. యూజర్‌కు కనిపించేది పింగ్ కాదు, పేజీ.

ఇప్పుడు గోదావరిలో:

విర్ష్ మైగ్రేట్ --లైవ్ --పెర్సిస్టెంట్ --అన్‌డిఫైన్‌సోర్స్ --వెర్బోస్ బిల్లింగ్ క్యూఈఎంయూ+ఎస్‌ఎస్‌హెచ్://కృష్ణ/సిస్టమ్ --మైగ్రేట్‌యూఆర్‌ఐ టీసీపీ://10.10.10.2

--లైవ్ అంటే ఆపకుండా అని. --పెర్సిస్టెంట్ ఇస్తేనే వీఎం నిర్వచనం కృష్ణలో శాశ్వతంగా నిలుస్తుంది, లేకపోతే ఒకసారి షట్‌డౌన్ కాగానే అక్కడ మాయమవుతుంది. --అన్‌డిఫైన్‌సోర్స్ గోదావరిలో పాత నిర్వచనాన్ని తీసేస్తుంది. దీన్ని వదిలేయకండి. నిర్వచనం గోదావరిలో మిగిలిపోతే, తెలియని మరొకరు ఎప్పుడో అక్కడ కూడా బిల్లింగ్‌ను స్టార్ట్ చేస్తారు. ఒకే డిస్క్ మీద రెండు వీఎంలు ఒకేసారి రాస్తే మిగిలేది పాడైన ఫైల్ సిస్టమే. షేర్డ్ స్టోరేజ్ ఉన్న చోట విర్ట్‌లాక్‌డీ లేదా శాన్‌లాక్ పెట్టుకుంటే రెండో స్టార్ట్‌ను అదే ఆపుతుంది. చివర్లో ఉన్న మైగ్రేట్‌యూఆర్‌ఐ, డేటా మైగ్రేషన్ వీలాన్‌లో ఉన్న ఐపీకే వెళ్లాలని చెబుతుంది.

వేరే టెర్మినల్‌లో దీన్ని చూస్తూ ఉండండి:

విర్ష్ డామ్‌జాబ్‌ఇన్ఫో బిల్లింగ్

ఇందులో మిగిలిన మెమరీ, ఎన్నో రౌండ్, డర్టీ రేటు ఉంటాయి. రౌండ్ రౌండ్‌కూ మిగిలిన మెమరీ తగ్గుతుంటే నిశ్చింతగా ఉండొచ్చు. రౌండ్లు పెరుగుతున్నా మిగిలింది తగ్గకపోతే కింద చెప్పే మందులు వేయాలి. అసలు వద్దనుకుంటే విర్ష్ డామ్‌జాబ్‌అబార్ట్ బిల్లింగ్ కొట్టండి. ఈ పద్ధతిలో ఉన్న గొప్ప సుఖం ఇదే: మధ్యలో ఫెయిలైనా, మీరే రద్దు చేసినా, వీఎం గోదావరిలో ఏమీ జరగనట్టు నడుస్తూనే ఉంటుంది.

## ముగింపుకు రాని మైగ్రేషన్

మొదటి మందు గడువు పెంచడం. 300 మిల్లీసెకన్లకు బదులు ఒక సెకను ఆగినా ఫర్వాలేదనుకుంటే:

విర్ష్ మైగ్రేట్-సెట్‌మ్యాక్స్‌డౌన్‌టైమ్ బిల్లింగ్ 1000

చాలా ఆఫీసు అప్లికేషన్లకు ఇదే చాలు. కానీ వీఎం లోపల కోరోసింక్ లాంటి క్లస్టర్ సాఫ్ట్‌వేర్ ఉంటే జాగ్రత్త. ఆ ఆగుడు దాని టోకెన్ గడువును మించితే, ఈ నోడ్ చనిపోయిందని మిగతావి తేల్చేస్తాయి, ఫెన్సింగ్ ఉంటే దాన్ని రీబూట్ కూడా చేసేస్తాయి. అలాంటి నోడ్‌ను ముందు క్లస్టర్‌లో స్టాండ్‌బైలో పెట్టి, తర్వాత తరలించడమే మర్యాద.

రెండో మందు --ఆటో-కన్వర్జ్. ర్యామ్ మారే వేగం తగ్గాలంటే వీఎంనే కాస్త నెమ్మదింపజేయాలి. ఈ ఆప్షన్ ఇస్తే, మైగ్రేషన్ ముందుకు సాగడం లేదని గమనించిన క్యూఈఎంయూ వర్చువల్ సీపీయూలకు మొదట 20 శాతం కోత పెడుతుంది, చాలకపోతే 10 శాతం చొప్పున పెంచుకుంటూ పోతుంది. కోత 99 శాతం దాకా వెళ్లగలదు. అక్కడిదాకా వెళ్తే కాగితం మీద వీఎం నడుస్తున్నట్టే, వాడేవాడికి మాత్రం ఆగిపోయినట్టే. కాబట్టి ఆటో-కన్వర్జ్ పెట్టినప్పుడు కర్ల్ లూప్ మీద కన్నేసి ఉంచండి.

మూడోది పోస్ట్-కాపీ. మొదట వీఎం కృష్ణకు వెళ్లి నడవడం మొదలుపెడుతుంది, ర్యామ్ వెనకాల వస్తుంది. ఇంకా రాని పేజీ కావాల్సి వస్తే అప్పటికప్పుడు గోదావరి నుంచి తెప్పించుకుంటుంది. వీఎం అటు వెళ్లాక ప్రతి పేజీ ఒక్కసారే ప్రయాణిస్తుంది కాబట్టి డర్టీ రేటు ఎంతున్నా పని తప్పక ముగుస్తుంది. కమాండ్‌లో --పోస్ట్‌కాపీ చేర్చి, మొదటి రౌండ్ అయ్యాక వేరే టెర్మినల్‌లో విర్ష్ మైగ్రేట్-పోస్ట్‌కాపీ బిల్లింగ్ కొట్టాలి. అయితే ఇందాక చెప్పిన సుఖం ఇక్కడ లేదు. ఆ కాసేపు వీఎం ప్రాణం రెండు సర్వర్లలో సగం సగం ఉంటుంది. నెట్‌వర్క్ తెగితే వీఎం నిలిచిపోతుంది. కొత్త వెర్షన్లలో లింక్ బాగయ్యాక --పోస్ట్‌కాపీ-రెజ్యూమ్‌తో కొనసాగించే వీలుంది. కానీ ఆ మధ్యలో గోదావరి పవర్ పోతే ఇక చేసేదేమీ లేదు, డిస్క్ మీదున్న దానితో మళ్లీ బూట్ చేసుకోవడమే. ర్యామ్ ఎర్రర్లు చూపిస్తున్న సర్వర్‌ను ఖాళీ చేయడానికి పోస్ట్-కాపీ వాడడం నాకు నచ్చదు.

25 గిగాబిట్, అంతకన్నా పెద్ద లింక్‌లున్నవారికి ఒక మాట. ఒకే కనెక్షన్ మీద పంపితే ఒక సీపీయూ కోర్ నిండిపోయి లింక్ సగం ఖాళీగానే ఉంటుంది. --ప్యారలల్ --ప్యారలల్-కనెక్షన్స్ 4 ఇచ్చి చూడండి.

## ఏడో మెట్టు: చేరాక చూసుకోవాల్సినవి

రెండు సర్వర్లలోనూ విర్ష్ లిస్ట్ --ఆల్ కొట్టండి. బిల్లింగ్ కృష్ణలో రన్నింగ్‌లో ఉండాలి, గోదావరిలో అసలు కనిపించకూడదు. వీఎం లోపల డీమెసేజ్ (కెర్నెల్ సందేశాలు చూపే కమాండ్) లో డిస్క్ ఎర్రర్లు లేవని, టైమ్ సరిగ్గా ఉందని చూడండి. తేడా వస్తే రెండు వైపులా వార్/లాగ్/లిబ్‌వర్ట్/క్యూఈఎంయూ ఫోల్డర్‌లో వీఎం పేరుతో లాగ్ ఉంటుంది, గమ్యం వైపు లాగ్‌లోనే అసలు కారణం ఎక్కువగా దొరుకుతుంది.

ఆటోస్టార్ట్ సెట్టింగ్ వీఎంతో పాటు వచ్చేసిందని అనుకోవద్దు. కృష్ణలో విర్ష్ ఆటోస్టార్ట్ బిల్లింగ్ మీరే కొట్టండి, లేకపోతే ఎప్పుడో కరెంటు పోయి కృష్ణ రీబూట్ అయిన రోజు బిల్లింగ్ లేవదు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్, మానిటరింగ్ ఈ వీఎంను గోదావరిలో వెతుకుతుంటే వాటికీ కొత్త అడ్రస్ చెప్పాలి.

ఇక తిరుగు ప్రయాణం. గోదావరిలో ర్యామ్ మార్చారు, పనిలో పనిగా క్యూఈఎంయూ కూడా కొత్తది వేశారు. కృష్ణలో పాతదే ఉంది. బిల్లింగ్‌ను గోదావరికి తెచ్చుకోవడం ఇబ్బంది కాదు, పాత నుంచి కొత్తకే కదా. కానీ తెచ్చాక, దాన్ని కొత్త మెషిన్ టైప్‌కు మార్చి రీస్టార్ట్ చేయకండి. అలా చేస్తే మళ్లీ కృష్ణకు పంపే దారి మూసుకుపోతుంది. ముందు కృష్ణనూ ఖాళీ చేసి అప్‌డేట్ చేయండి, ఒక చిన్న టెస్ట్ వీఎంను అటూ ఇటూ రెండు వైపులా పంపి చూడండి, మెషిన్ టైప్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.